ముళ్ళకంప తీసిన ఇల్లు

ఆ రోజు ప్రకాశం మాస్టారు చేయాల్సిన పని చాలా చిన్నది. పొద్దున్నే జమ్మలమడుగులో బస్సెక్కాలి, ప్రొద్దుటూరులో దిగాలి, కొత్తగా కొన్న ఇంటి గేటుకు 'ఇల్లు బాడిగకు ఇవ్వబడును' అన్న బోర్డు తగిలించాలి, మధ్యాహ్నం భోజనానికి తిరిగి ఇల్లు చేరాలి. బోర్డు ఆయనే రాసుకున్నాడు, కింద బాడిగ అంకెను సుద్దతో వేశాడు. ఏళ్ళ తరబడి నల్లబల్ల మీద లెక్కలు రాసిన చేయి కాబట్టి అక్షరాలు అచ్చు గుద్దినట్టు వచ్చాయి. దానికి రెండు చిల్లులు పెట్టి, తీగ కట్టి, పాత దుప్పట్లో చుట్టి చంకన పెట్టుకున్నాడు.

"మధ్యాన్నానికి వస్తావా?" అని అడిగింది భార్య దీవెనమ్మ.

"బోర్డు తగిలిచ్చేదానికి ఎంతసేపు?" అన్నాడు.

బోర్డు తగిలించడానికి నిజంగానే ఎంతోసేపు పట్టలేదు. ఆయన ప్రాణం తీసింది ఆ తర్వాతి సంగతి.

ప్రకాశం మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. పింఛను లేని కొలువు. పిల్లలు కలగలేదు. చేతికొచ్చిన పీఎఫ్ సొమ్ము ఒక్కటే ఆ ఇద్దరి మిగిలిన బతుకంతటికీ ఆధారం. దాన్ని ఏం చేయాలన్న దాని మీద మొగుడూ పెళ్ళాల మధ్య మొదటిరోజు నుంచే పేచీ. ఎంత చిన్నదైనా ఒక సొంత ఇల్లు కొనుక్కొని అందులో ఉందామంటుంది దీవెనమ్మ. ఉండడానికి ఇల్లు కొనడం వట్టి తెలివితక్కువతనం అంటాడు ప్రకాశం. ఈ జ్ఞానం ఆయనకు ఫోన్లో వచ్చింది. కోటు తొడుక్కున్న ఒక కుర్రాడు వీడియోల్లో రోజూ కనబడి, ఇంట్లో నువ్వుంటే ఇల్లు నిన్ను తింటుంది, ఇంకొకరుంటే నీకు పెడుతుంది అని చెబుతుంటాడు. ప్రొద్దుటూరులో బాడిగలు ఎక్కువ, జమ్మలమడుగులో తక్కువ. అక్కడ కొని బాడిగకిచ్చి, ఇక్కడ బాడిగకు ఉంటే, ఆ తేడాతో ఇద్దరూ హాయిగా బతకొచ్చు. లెక్క ఎటు నుంచి చేసినా సరిగ్గానే వచ్చేది.

దీవెనమ్మకు ఆ లెక్క పట్టలేదు. ఆమె మనసులో ఉన్నది వేరు. కొన్నేళ్ళ క్రితం ప్రకాశం తల్లి కర్నూలు ఆసుపత్రిలో చనిపోయింది. శవాన్ని వ్యానులో తీసుకొచ్చి ఇంటి ముందు ఆపితే ఇంటాయన గేటుకు అడ్డం నిలబడ్డాడు. తిట్టలేదు, అరవలేదు, రెండు చేతులూ జోడించి, శవాన్ని లోపలికి తేవద్దన్నాడు, రేపు ఇంకొకరు బాడిగకు రారు అన్నాడు. సన్నగా వాన పడుతోంది. దీవెనమ్మ, చర్చి నుంచి వచ్చిన ఆడవాళ్ళు కలిసి వ్యాను చుట్టూ చీరలు పట్టుకొని, ఆ రోడ్డు మీదే ముసలామెకు స్నానం చేయించారు. అక్కణ్ణుంచి అటే సమాధుల తోటకు తీసుకుపోయారు. ఇరవై ఏళ్ళు బాడిగ కట్టిన ఇంటి గడప ఆమె మళ్ళీ దాటలేదు.

"రేపు నేను పోయినా, నువ్వు పోయినా అంతే గదా. శవాన్ని పెట్టేదానికి మనదంటూ ఒక గుమ్మం ఉండల్ల" అని దీవెనమ్మ ఎప్పుడన్నా అంటే, ప్రకాశం ఆ మాట విననట్టు ఫోను చేతికి తీసుకునేవాడు. విననట్టు అంటే విననట్టే, వినక కాదు.

ఇల్లు కొనే ముందు ఆయన జిల్లాలో సగం తిరిగాడు. పులివెందులలో ఒక రెండంతస్తుల ఇల్లు కళ్ళు చెదిరేలా ఉంది. అన్ని వాటాల్లోనూ జనమున్నారు, ఒక్క గది ఖాళీ లేదు. తీరా బాడిగ ఎంతొస్తుందని అడిగితే, వాళ్ళంతా భోగ్యానికి దిగినవాళ్ళని తేలింది. అంటే ఎప్పుడో ఒకేసారి పెద్ద మొత్తం ఇచ్చి దిగారు, నెలనెలా పైసా కట్టరు, వెళ్ళేటప్పుడు ఆ మొత్తాన్ని ఇంటాయనే తిరిగివ్వాలి. ఇడుపులపాయలో యూనివర్సిటీ ఉంది కదా, అంతమంది పిల్లలకు గదులు కట్టి ఇస్తే తిరుగుండదని ఇంకోచోట స్థలానికి బయానా ఇవ్వబోయాడు. ఆ పిల్లలంతా లోపలే తిని, లోపలే పడుకుంటారని ఆటోవాడు చెబితే ఆగాడు. ఈ రెండు గండాలూ తప్పించుకున్నాక ఆయనకు తన తెలివి మీద గట్టి నమ్మకం కుదిరింది.

అప్పుడు తగిలాడు జిలానీ. కువైట్‌లో చాలాకాలం బండి నడిపి వచ్చి, ఇప్పుడు ప్రొద్దుటూరులో ఇళ్ళ బేరాలు కుదురుస్తుంటాడు. మంచివాడే. ఏ ఇల్లు చూసినా తనే ఆ ఇంట్లో కాపురముండబోతున్నంత ఆనందపడిపోతాడు, అదొక్కటే ఆయన జబ్బు.

"సార్, ఒక ఇల్లుండాది. సగం ధరకే ఇస్తాండారు. అయితే ఒక మాట ముందే చెప్తా. తర్వాత నన్ననొద్దు" అన్నాడు.

ఆ మాట ఇది. ఇల్లు చౌడప్ప అనే చీరల వ్యాపారిది. ఆయన తండ్రి ఆ ఇంట్లోనే పోయాడు. పోయిన ఘడియ మంచిది కాదన్నారు పంచాంగం చూసినవాళ్ళు. అట్లా చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోతే ఆ ఇంటిని ఆర్నెల్లు మూసిపెట్టాలి; ఎవరూ లోపలికి పోకుండా వాకిలికి ముళ్ళకంప అడ్డం వేయాలి. చౌడప్ప కంప వేసి ఇంకో ఇంటికి మారిపోయాడు. ఆయన భార్య ఇక ఆ వీధి మొహం చూడనని ఒట్టేసుకుంది. అమ్ముదామంటే అడిగే నాథుడు లేడు.

ఇది విని ప్రకాశం గుండె బెదరలేదు, గంతులేసింది. నక్షత్రాలు తనకు వర్తించవు. తాతల కాలం నుంచి చర్చికి పోయే కుటుంబం. అవతలివాళ్ళ భయమంతా తనకు ధరలో తగ్గింపు కింద వస్తోంది. అప్పటికప్పుడు లెక్క వేసి చూశాడు. కోటు కుర్రాడు చెప్పిన దానికంటే రెండింతలు మెరుగ్గా ఉంది. ఆ లెక్కలో ఒక్క తప్పు కూడా లేదు. ఇల్లు కొనేది తనే అయినా, బాడిగకు దిగేది తను కాదన్న సంగతి మాత్రం అందులోకి రాలేదు.

రిజిస్ట్రేషన్ అయిన రోజున జిలానీ ముళ్ళకంపను చెప్పుకాలితో ఈడ్చి వీధి కాలువ పక్కకు తన్నాడు. ఎదురింటి అరుగు మీద ఉగ్గాని, బజ్జీలు అమ్ముకునే మాబున్ని దాన్ని చూసింది. మాబున్ని చూసిందంటే వీధి చూసినట్టే.

బోర్డు తగిలించిన రోజే ఒక బ్యాంకు ఉద్యోగి, ఆయన భార్య ఇల్లు చూడడానికి వచ్చారు. ముందరి గది, వెనక రెండు గదులు, పెరట్లో బోరు, అన్నీ నచ్చాయి. అడ్వాన్సు రేపు తెస్తామని చెప్పి, ఎదురుగా బజ్జీలు తినడానికి కూర్చున్నారు. ప్రకాశం గుమ్మంలో నిలబడి, వాళ్ళు తినడం చూస్తూ సంతోషపడ్డాడు. రెండో బజ్జీ సగంలో ఉండగా ఆ అమ్మాయి తలెత్తి ఈ ఇంటి వైపు చూసింది. తర్వాత కాలువ పక్కన పడున్న కంప వైపు చూసింది. మిగిలిన సగం బజ్జీ ఆకులోనే ఉండిపోయింది.

ప్రకాశం వెళ్ళి మాబున్నిని నిలదీశాడు.

"మాకు నచ్చత్రాలూ గిచ్చత్రాలూ ల్యావు సార్. నేనేం భయపెట్టలే" అంది మాబున్ని, నిజంగానే నొచ్చుకుంటూ. "ముందర ఎవరుండిరి అని అడిగింది. చెప్పినా. అడిగితే అబద్ధం చెప్పల్లనా?"

వచ్చినవాళ్ళంతా అదే మాట. మాకేం పట్టింపు లేదండీ, మా అత్తగారికి పట్టింపు. మాకు లేదు, మా పక్కవాళ్ళు ఏమనుకుంటారో అని. పట్టింపు ఉన్న మనిషి ఒక్కడూ ఆ ఇంటి గడప తొక్కలేదు, లేనివాళ్ళే వచ్చి వచ్చి పోయారు. ప్రకాశం బాడిగ కొంచెం తగ్గించి బోర్డు మీద తిరగరాశాడు. ఇంత మంచి ఇల్లు ఇంత తక్కువకు ఎందుకిస్తున్నాడని జనానికి అనుమానం వచ్చింది. ఇంకొంచెం తగ్గించాడు. అనుమానం కాస్తా నమ్మకమైంది.

అప్పుడు ఆయనకో ఆలోచన తట్టింది. ఇంట్లో చిన్న ప్రార్థన పెట్టిస్తే, పదిమంది వచ్చి కూర్చొని టీ తాగి పోతే, ఇందులో ఏమీ లేదని వీధికి తెలుస్తుంది కదా! తెలిసిన పాస్టరు ఒకాయన్ను పిలిచాడు. కుర్రవాడు, ఉత్సాహం ఎక్కువ. చిన్న ప్రార్థన అని చెప్పినా రెండు పెద్ద స్పీకర్లు తెచ్చాడు. టీ దాకా బాగానే జరిగింది. ఆ తర్వాత ఆయన కళ్ళు మూసుకొని, ఈ గోడల్లో దాక్కున్న ప్రతి చీకటి శక్తినీ పేరుపేరునా గద్దించడం మొదలుపెట్టాడు. ప్రకాశం గాభరాగా ఆయన చొక్కా పట్టి లాగాడు. మాస్టారు ఆత్మలో కదిలిపోతున్నాడనుకొని పాస్టరు గొంతు ఇంకా పెంచాడు. వీధివీధంతా వాకిళ్ళలోకి వచ్చి నిలబడింది. అప్పటిదాకా చెడ్డ నక్షత్రం ఇల్లు అని మాత్రమే అనుకునేవాళ్ళు. లోపల ఏదో ఉందని మైకులో విన్నది ఆ రోజే.

ఈ సంగతి విని జిలానీ తల పట్టుకున్నాడు. తను కుదిర్చిన బేరం కాబట్టి తనే దిద్దాలని, కువైట్ నుంచి సెలవులో వచ్చిన తన బంధువుల కుటుంబాన్ని ఒప్పించాడు. మాకు ఇట్లాంటివి లెక్కలేదన్నారు వాళ్ళు. అయినా మనశ్శాంతికి ఒకసారి మసీదు హజరత్‌ను పిలిచి ఖురాన్ చదివిద్దామన్నారు. హజరత్ వచ్చాడు, మెల్లగా చదివాడు, గదిగదికీ సాంబ్రాణి పొగ పట్టాడు. మైకు లేదు, అరుపుల్లేవు. ప్రకాశం ఊపిరి పీల్చుకున్నాడు. సామాన్ల బండి కూడా గేటు ముందుకు వచ్చేసింది. మాబున్ని తన కొత్త పొరుగింటామెకు టీ తెచ్చిచ్చి, "పాస్టరు అంతసేపు అరిచినా అది పోలేదంట గదా. మీ హజరత్తు గట్టోడేనా?" అని ఆప్యాయంగా అడిగింది. బండి నుంచి ఒక్క పెట్టె కూడా దిగలేదు.

దాంతో ఆగినా బాగుండేది. ఈ కబుర్లన్నీ చౌడప్ప చెవిన పడ్డాయి. ఆయన మోటారు సైకిలు మీద నేరుగా జమ్మలమడుగు వచ్చి, ప్రకాశం ఇంటి వాకిట్లో నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అయివారూ, మా నాయన బతికినన్నాళ్ళూ ఒకరి జోలికి పోలేదు. సచ్చినాక మైకు పెట్టి తిట్టిస్తారా? ఇల్లు అమ్మినా గానీ, మా నాయన్ను అమ్మినానా?" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి.

తండ్రి పరువు నిలబెట్టడానికి చౌడప్ప తన సొంత ఖర్చుతో ఆ ఇంట్లో శాంతి చేయిస్తానన్నాడు. వద్దనే మొహం ప్రకాశానికి లేకపోయింది. పురోహితుడు వచ్చాడు, హోమం చేశాడు, అంతా అయ్యాక చేతులు కడుక్కుంటూ ఒక మాట అన్నాడు: గడువు తీరకముందే తలుపు తీశారు కాబట్టి, ఆర్నెల్ల లెక్క ఈ రోజు నుంచి మళ్ళీ మొదలు. కాలువ పక్కన ఉన్న కంపను తెచ్చి అడ్డం వేయమన్నాడు. ప్రకాశం ససేమిరా అన్నాడు. ఎవరూ దాన్ని ముట్టుకోనూ లేదు.

ఇక వీధికి లెక్క చెప్పడానికి మాస్టారు అక్కర్లేదు. పాస్టరు వల్ల కాలేదు, హజరత్ వల్ల కాలేదు, పురోహితుడు వచ్చి వాయిదా వేసి పోయాడు. ఆటోలు ఆ గేటు ముందు ఆగడం మానేశాయి.

జమ్మలమడుగులో ఇంటి బాడిగ నెల దాటి నెల వెనకబడింది. దీవెనమ్మ చెవుల కమ్మలు బ్యాంకుకు పోయాయి. ఆమె ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ప్రకాశం అనుకున్నాడు. ఫోన్లో కోటు కుర్రాడు కనబడితే నొక్కి చంపేసేవాడు. పీఎఫ్ సొమ్మంతా గోడలై ప్రొద్దుటూరులో నిలబడి ఉంది. అది తిండి పెట్టదు, అమ్మితే కొనేవాడు లేడు. పగలు ఇంట్లో కూర్చోలేక ఆయన ప్రొద్దుటూరు పోయి, సొంత ఇంటి మెట్టు మీద కూర్చొని, సాయంత్రం తిరిగొచ్చేవాడు.

అట్లా కూర్చున్న ఒక మధ్యాహ్నం నలభై ఏళ్ళ మనిషి ఒకడు వచ్చి గేటు బయట నిలబడ్డాడు. పేరు కలీం, నూనె మిల్లులో పని. ఇల్లు చూపించమని అడగలేదు. నీళ్ళొస్తాయా అని అడగలేదు. బోర్డు మీది అంకె వైపు చూడను కూడా లేదు.

"సార్, ఒక మాట అడుగుతా, కోపం చేసుకోవద్దు. ఈ ఇంట్లో ఎవరన్నా పోతే మీరేమన్నా అంటారా?"

ప్రకాశం నిట్టూర్చి, పాఠం ఎత్తుకున్నాడు. నక్షత్రాలంటే ఏమిటో, అవి ఎంత దూరంలో ఉంటాయో, ప్రొద్దుటూరులో చనిపోయిన మనిషితో వాటికి సంబంధం ఎందుకు ఉండదో చెప్పడం మొదలుపెట్టాడు. కలీం ఓపికగా విన్నాడు.

"జరిగింది కాదు సార్. జరగబోయేది అడుగుతాండా."

కలీం తల్లి ఖాతూన్‌బీకి ఇక చేసేదేమీ లేదని ఆసుపత్రివాళ్ళు పంపించేశారు. కలీం ఉన్నది బాడిగ ఇంట్లో. ఇంటామె మంచిదే, రోజూ ముసలామెకు పాలు పంపుతుంది. ఆ పని మాత్రం నా ఇంట్లో కాకుండా చూసుకో నాయనా అంది. ఊళ్ళో ఎక్కడ అడిగినా అదే మాట. ఈ ఇల్లు ఎట్లాగూ చెడిపోయిందంటున్నారు కదా, ఇంకో చావుతో దీనికి కొత్తగా వచ్చే నష్టం ఏముందని ఎవరో చెబితే వచ్చాడు. కొన్ని రోజులే సార్, అన్నాడు. బోర్డు మీద మొదట రాసిన బాడిగ, తగ్గించక ముందుది, నెల మొత్తానికీ ముందే ఇస్తానన్నాడు.

తిరుగు బస్సులో ప్రకాశం మనిషి మనిషిలో లేడు. అన్ని నెలలుగా మూసుకుపోయిన బుర్ర ఒక్కసారిగా తెరుచుకుంది. ఊళ్ళో బాడిగ ఇళ్ళు ఎన్ని, వాటిలో మంచం పట్టినవాళ్ళు ఎంతమంది! బేరమాడరు. ముందే కడతారు. గోడకు సున్నం లేదని అడగరు. నెల బాడిగ ఇచ్చి వారంలో ఖాళీ చేస్తారు. ఇట్లాంటి బేరం కోటు కుర్రాడి తాతకు కూడా తట్టి ఉండదు. ఇల్లు చేరీ చేరకముందే దీవెనమ్మను కూర్చోబెట్టి అంతా విడమరిచి చెప్పాడు.

దీవెనమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ విన్నది. చేట పక్కన పెట్టింది.

"అత్తమ్మ పోయిన దినం, ఆ వ్యాను కాడ, మనకు ఎవరన్నా వచ్చి ఇట్లాంటి ఇల్లొకటి చూపిచ్చింటే, బాడిగ ఎంత ఇచ్చిండేవాడివి?"

"అడిగినంత" అన్నాడు ప్రకాశం. లెక్కల మాస్టారు కదా, జవాబు వెంటనే వచ్చేసింది. ఆ పూట ఆయన అన్నం సరిగా తినలేదు.

మరుసటి రోజు దీవెనమ్మ కూడా ప్రొద్దుటూరు బస్సెక్కింది. ముందరి గదిలో కిటికీ పక్కన ఖాతూన్‌బీ మంచం వేయించి, గంజి కాచి, చెంచాతో పట్టింది. ఆ తర్వాత రోజూ ఇద్దరూ పోసాగారు. చావు కోసం అన్ని ఏర్పాట్లూ చేశాక ఖాతూన్‌బీ చావలేదు. నాలుగు రోజులు పోయాక కళ్ళు తెరిచింది. వారం దాటాక లేచి కూర్చుంది. ఆ పై వారం గుమ్మంలోకి వచ్చి గోడకానుకొని, మాబున్ని చేతి బజ్జీ ఒకటి అడిగి తెప్పించుకొని తిన్నది. ఇంటామె వెళ్ళగొడుతుందన్న బెంగ వదిలినందుకో, దీవెనమ్మ గంజికో, ఎందుకో డాక్టర్లే చెప్పాలి.

వీధి మాత్రం డాక్టర్లను అడగలేదు. పాస్టరు ప్రార్థన అంత గట్టిదన్నారు చర్చివాళ్ళు. హజరత్ చదువు అన్నాడు జిలానీ. చౌడప్ప ఒకరోజు వచ్చి, గేటు అవతల నుంచే ఖాతూన్‌బీని చాలాసేపు చూశాడు. ఆ తర్వాత ఏకంగా బ్రహ్మంగారిమఠం పోయి మొక్కుకొని వచ్చాడు. మా నాయన చల్లని చూపు ఈ ఇంటి మీద ఉందని, తనే తెలియక అమ్ముకున్నానని ఆయన బాధ. ఇల్లు తిరిగి ఇచ్చేయమన్నాడు. అమ్మిన ధరకు ఇంకో సగం కలిపి ఇస్తానన్నాడు.

ప్రకాశానికి కాళ్ళు నేల మీద ఆనలేదు. పోయిన పీఎఫ్ సొమ్ము తిరిగొస్తోంది, ఒంటరిగా కాదు, పిల్లలను వెంటబెట్టుకొని. ఆ డబ్బుతో జమ్మలమడుగులో దీవెనమ్మ అడిగిన చిన్న ఇల్లు కొనొచ్చు, కమ్మలు విడిపించొచ్చు. అడ్డం ఏమీ లేదు, చౌడప్ప పెట్టిన ఒక్క షరతు తప్ప.

"ముసలామెను మాత్రం ముందే ఖాళీ చేపిచ్చల్ల అయివారూ. మళ్ళీ ఈ ఇంట్లో ఇంకొకటి జరిగిందంటే నావల్ల కాదు."

అప్పటికే ఖాతూన్‌బీ మళ్ళీ మంచానికి అంటుకుపోయింది. ఆరిపోయే ముందు దీపం ఒకసారి వెలిగినట్టు వెలిగింది, అంతే. ఇవాళో రేపో అన్నట్టుంది. రిజిస్ట్రేషన్ శుక్రవారం. ఖాళీ చేయమన్న మాట కలీంకు చెప్పడానికి ప్రకాశం ఒక్కడే బయల్దేరాడు. దీవెనమ్మకు చెప్పలేదు. ఆ రోజు ఆమె ఒంట్లో బాగాలేక ఇంట్లోనే ఉండిపోవడం మంచిదే అయిందనుకున్నాడు.

బస్సులో కూర్చొని, ఏమనాలో ఒకటికి రెండుసార్లు మనసులో అనుకున్నాడు. కోప్పడకూడదు. చేతులు జోడించాలి. నేను కావాలని అనడం లేదప్పా, కొనేవాడు రాడు, ఏమనుకోవద్దు అనాలి. వాగు వంతెన మీద బస్సు పోతుండగా, ఈ మాటలు ఇంతకుముందు ఎక్కడో విన్నానే అనిపించింది. ఎక్కడ విన్నాడో గుర్తొచ్చేసరికి బస్సు వంతెన దాటింది. అయినా దిగి వెనక్కు పోలేదు. డబ్బు అవసరం అట్లాంటిది మరి.

ఆయన లోపలికి పోయేసరికి కలీం మందుల అంగడికి పోయాడు. ముందరి గదిలో ఖాతూన్‌బీ ఒక్కతే ఉంది. గుమ్మంలో చేతులు జోడించుకొని నిలబడ్డ ప్రకాశాన్ని ఆమె గుర్తుపట్టింది. ఇంటాయన ఇట్లా చేతులు జోడించుకొని ఎందుకొస్తాడో బాడిగ ఇళ్ళలో బతికిన మనిషికి తెలియకపోదు. దిండు మీద నుంచి తల కొంచెం ఎత్తింది.

"మాఫ్ చేయి నాయనా. కొన్ని దినాలే అని చెప్పి వచ్చినా, శానా దినాలు పట్టిచ్చినా. నాకూ తెలుస్తానే ఉండాది. ఇంగ ఎక్కువ దినాలు పట్టియ్యను" అంది.

ప్రకాశం నోట్లో సిద్ధంగా ఉన్న మాట నోట్లోనే ఉండిపోయింది. జోడించిన చేతులను ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కు పెట్టుకున్నాడు. సొంత తల్లికి చెప్పలేకపోయిన మాట, ఇన్నేళ్ళకు ఇక్కడ నోటికొచ్చింది.

"తొందరేం ల్యా అమ్మా. నిదానంగానే కానీ" అన్నాడు.

అని, బయటికొచ్చి మెట్టు మీద కూర్చొని, చౌడప్పకు ఫోన్ చేసి బేరం లేదని చెప్పేశాడు. ఎందుకని చౌడప్ప ఎంత అడిగినా కారణం చెప్పలేదు. ఇంటికెళ్ళాక దీవెనమ్మకు మాత్రం అంతా చెప్పాడు, తను ఏం చెప్పడానికి పోయాడో దాంతో సహా. ఆమె లేచి ఆయనకు మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

ఖాతూన్‌బీ మాట నిలబెట్టుకుంది. శుక్రవారం పొద్దున్నే పోయింది. ఆమెను ముందరి గదిలోనే పడుకోబెట్టారు. ఎవరూ గేటుకు అడ్డం నిలబడలేదు. స్నానానికి వేడినీళ్ళు కావాల్సి వస్తే మాబున్ని తన బజ్జీల పొయ్యి మీద పెద్ద డేగిసా పెట్టింది. కట్టెలు చాలలేదు. అటూ ఇటూ చూసి, ఇన్ని నెలలుగా ఎవరూ ముట్టని ముళ్ళకంపను కాలువ పక్కనుంచి లాక్కొచ్చి పొయ్యిలోకి తోసింది. బాగా ఎండి ఉండడంతో భగ్గున మండింది. జనాజా వాకిట్లోంచి లేచేటప్పుడు వీధి వీధంతా వచ్చి నిలబడింది. చౌడప్ప కూడా వచ్చాడు. ఆగలేక పంచాంగం చూపించుకొనే వచ్చాడట. దివ్యమైన నక్షత్రమట, అట్లాంటి ఘడియలో పోవడానికి పెట్టి పుట్టాలట. అని, అమ్ముతారేమోనని ఇంకొకసారి అడిగి చూశాడు.

ఆ నెలాఖరుకు ప్రకాశం, దీవెనమ్మ జమ్మలమడుగు ఇల్లు ఖాళీ చేసి వచ్చి వెనక రెండు గదుల్లో దిగారు. కట్టాల్సిన బాడిగ మిగులుతోంది కదా, అదే నీకొచ్చే బాడిగ అనుకో అంది దీవెనమ్మ. ప్రకాశం లెక్క వేసి చూసి, కాదనలేకపోయాడు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇంట్లోనే ట్యూషన్ మొదలుపెట్టాడు. ముందరి గదిని మాత్రం చివరి రోజులకు ఎక్కడా చోటు లేనివాళ్ళకు ఇస్తారు. వచ్చినవాళ్ళు ఇయ్యగలిగింది ఇస్తారు, లేనివాళ్ళు ఇవ్వరు. గంజి దీవెనమ్మ కాస్తుంది.

బోర్డు మీది బాడిగ అంకెను ప్రకాశం తడిగుడ్డతో తుడిచేశాడు గానీ, బోర్డును మాత్రం గేటు నుంచి తీయలేదు. ఆ గది మాటిమాటికీ ఖాళీ అవుతూనే ఉంటుంది.